పంటిపోటు – తితిక్ష

ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికల నారంభించుచు, త్రివిధదుఃఖముల తాకిడికి లోనైనవానికి ఆ దుఃఖమును తొలగించు ఉపాయమేదియను జిజ్ఞాస పుట్టునని చెప్పి, ఆ శ్లోకము ముగియకమునుపే ప్రతిపక్షి మాటను తానే అందుకొని, కంటికి కనబడు ఉపాయములు లోకమున ఉండగా ఈ విచారము వ్యర్థము కాదా యని ప్రశ్నించుకొనెను. వాచస్పతిమిశ్రుడు తన తత్త్వకౌముదిలో ఈ ఆక్షేపణకు ఏ లోటును రానీయక, శరీరబాధకు వైద్యశ్రేష్ఠులు చెప్పిన ఉపాయములు వందలకొలదిగా ఉన్నవనియు, మనోవ్యథకు ఇంపైన భోజనపానములును వస్త్రాభరణములును ఉన్నవనియు, ఇంటి చెంతనే తేనె దొరకునప్పుడు కొండ యెక్కువాడెవ్వడనియు ప్రతివాదిచేత నిండుగా పలికించెను. దీనికి కారికాకారుని సమాధానము రెండే మాటలు: ఆ ఉపాయములు తప్పక ఫలించునవి కావు, ఫలించినను దుఃఖము మరల రాకుండ చేయునవి కావు. పాఠశాలలో ఈ శ్లోకమును చదువుకొనువారు పూర్వపక్షమును గబగబ దాటి సిద్ధాంతమునకు త్వరపడుదురు. దవడపన్ను పోటెత్తి రాత్రి రెండు గంటలవేళ గదిలో పచార్లు చేయువానికి మాత్రము ఆ పూర్వపక్షమే సర్వసిద్ధాంతమై తోచును. వానికి జిజ్ఞాస లేకపోలేదు. తెల్లవారిన తరువాత ఏ దంతవైద్యుడు అందరికంటె ముందుగా తలుపు తీయుననునదే ఆ జిజ్ఞాస. అట్టివాడు ఒక పూటయైన ఆగలేక రూట్ కెనాల్ చేయించుకొనుటకు పరుగెత్తుట సహనలోపమా, దేహాభిమానమా, లేక ధర్మమేనా?

బాధలలో పంటిపోటునే ఏల తీసికొనవలెనందురా, దానికి కారణము పంటి నిర్మాణములోనే యున్నది. పైకి ఎముకవలె కనబడు పంటి నడుమ ఒక చిన్న గది, ఆ గదినుండి వేళ్ల కొనలదాక సన్నని నాళములు, వానిలో రక్తనాళములతోను నాడీతంతువులతోను కూడిన మెత్తని కండ ఉండును. వైద్యులు దానిని పల్ప్ అందురు. దేహమున సాధారణముగా వాపు వచ్చినచో చర్మము సాగి దానికి చోటిచ్చును. ఇక్కడి గోడలు సాగునవి కావు. పుచ్చు లోతునకు దిగి లోపలి కండ వాచినప్పుడు, ఆ ఒత్తిడికి వేరు కొననుండు సూక్ష్మరంధ్రము తప్ప వేరొక త్రోవ లేక, గుండె కొట్టుకొనినప్పుడెల్ల పంటిలో పోటు లేచును. పడుకొన్నచో తలకు రక్తము హెచ్చుగా చేరి బాధ పెరుగును గనుక, తక్కిన రోగులందరికి ఊరటనిచ్చు శయ్య వీనికి శత్రువగును. వేడి కాఫీ ప్రాణము తీయును. చన్నీళ్లు పుక్కిలించినచో ఒక్క క్షణము నెమ్మదించును. ఇతరబాధలను మనము పంటి బిగువున భరింతుము. ఇక్కడ పన్నుమీద పన్ను మోపుటయే దుర్భరమగుటచేత, మనుష్యునకు సహజమైన ఆ కడపటి ఆసరాయును పోవును. లవంగనూనెలో ముంచిన దూది, ఉప్పునీళ్లు, నొప్పిమాత్ర, ఏడుకొండలవానికి మ్రొక్కు, ఇవన్నియు వరుసగా వచ్చి, కొంచెము కొంచెము పనిచేసి, వరుసగా వెనుకకు తగ్గును.

ఈ బాధను త్రివిధదుఃఖములలో ఎక్కడ చేర్చవలెననునది కూడ అనుకొన్నంత తేలిక కాదు. శరీరమున పుట్టినది గనుక ఆధ్యాత్మికమనవచ్చును. కాని ప్రాచీనులు చాలమంది దీనికి పురుగు కారణమనిరి. బాబిలోనియా మట్టిపలకలలో దంతక్రిమిని వెడలగొట్టు మంత్రమున్నది. ముఖరోగములను 65గా లెక్కించిన సుశ్రుతసంహిత దంతరోగములలో క్రిమిదంతమును పేర్కొన్నది. వాకుడు గింజల పొగ పట్టించి పంటిపురుగును పడగొట్టుదుమనువారిని మన పల్లెలును ఎరుగును. ఫ్రాన్సు దేశపు పియేర్ ఫొషార్ 1728లో ప్రకటించిన గ్రంథమున ఆ పురుగు వాదమును త్రోసివేసెను. అయినను మిల్లర్ అను దంతశాస్త్రజ్ఞుని 1890 నాటి గ్రంథము నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించి పంటిని తినివేయునని నిరూపించుటతో, పోయిన పురుగు కంటికి కనబడని రూపమున మరల వచ్చి కూర్చున్నది. ప్రాణులవలన కలుగునది ఆధిభౌతికము గదా! ఇక దైవికమందురా, దేవతలలోనే పండ్లు పోగొట్టుకొన్నవాడొకడు కలడు. దక్షయజ్ఞమున పండ్లికిలించి నవ్విన పూషునకు వీరభద్రుడు దంతములు రాలగొట్టెనని పురాణములు చెప్పును; ఆ యజ్ఞము జరిగిన చోటు మన ద్రాక్షారామమేయని స్థలపురాణము చెప్పును. పూషుడు దంతహీనుడు గనుక వానికి నలిపిన పిండినే హవిస్సుగా ఇయ్యవలెనని శ్రౌతవిధి. సాక్షాత్తు దేవతకైనను పండ్లులేని బాధను ఓర్చుకొనుమని చెప్పక, నమలనక్కరలేని ఆహారమును ఏర్పాటు చేసిన ఈ చిన్న విధిలో నాకు పెద్ద వేదాంతగ్రంథములంత బుద్ధి కనబడుచున్నది.

మా మేనమామగారు రాజమహేంద్రవరమున చిరకాలము బ్రహ్మసూత్రభాష్యపాఠము చెప్పినవారు. ఆయనకు పంటిపోటు వచ్చినప్పుడు మొదట ఎవరికిని చెప్పలేదు. చెంప వాచి దాచుటకు వీలులేకపోయిన తరువాత ప్రారబ్ధమనిరి. "ప్రారబ్ధం మీదైతే ఈ జాగారం నాకెందుకండీ? లేవండి, ఆస్పత్రికి వెళ్దాం," అని మా అత్తయ్య చెప్పులు తెచ్చి ముందు పెట్టినది. దంతవైద్యురాలు ఆయన మనుమరాలి యీడు పిల్ల. కుర్చీ వెనుకకు వంచి, "ఏ పన్నండీ తాతగారూ?" అని అడిగినది. ఆయన ఎడమవైపు క్రింది దవడపన్నును వ్రేలితో నిశ్చయముగా చూపిరి. ఆమె నోటిలో పెట్టు చిన్న అద్దపు కాడతో దానిని తట్టినది, ఏమియు లేదు. దాని ప్రక్కదానిని తట్టినది, ఏమియు లేదు. పై వరుసలో ఒకదానిని తట్టగానే మామయ్యగారు కుర్చీలోనుండి సగము లేచిరి. "నొప్పి కిందుందనిపిస్తోందండీ మీకు. పాడైంది మాత్రం పై పన్ను," అని ఆమె చెప్పగా, అంత బాధలోను ఆయనకు నవ్వు వచ్చినది. "ఎన్నేళ్లుగానో తాడూ పామూ చెబుతున్నానమ్మా పిల్లలకి. ఇవాళ నా నోట్లోనే కనబడింది," అనిరి. తరువాత మత్తుసూది, పన్నుచుట్టు రబ్బరు తెర, మరచప్పుడు. కడకు సన్నని సూది వంటి పరికరము కొనను చిక్కుకొని బయటికి వచ్చిన ఎర్రని పోగొకటి. మూడు రాత్రులు శాస్త్రపండితుని నిద్రపోనీయక గదిలో త్రిప్పినది ఆ పోగే.

ఆ కుర్చీలో జరిగినది వేదాంతులును తార్కికులును కూర్చుండి ఆలోచింపదగిన విషయము. బాధ స్వతస్సిద్ధముగా ప్రకాశించునది. నాకు నొప్పి యున్నదో లేదోయని ఎవ్వడును సందేహింపడు, దానికి సాక్షులు అక్కరలేదు. అయినను ఇంతటి అసందిగ్ధానుభవము తన చోటు విషయమున నిలువునా అబద్ధము చెప్పినది. అనుభవించువానికి కారణము తెలియలేదు; అనుభవింపనిదానికి తెలిసినది. పైదవడ పంటినొప్పి క్రిందిదవడలోను, క్రిందిదాని నొప్పి చెవిలోను కణతలోను తోచుట వైద్యులకు నిత్యానుభవము. ముఖమున ఒక వైపు వేదననంతటిని చేరవేయు నాడి యొక్కటే యగుటచేత లోనికి పోవు వార్తలు ఒకదానితో నొకటి కలిసిపోవును. శంకరులు అధ్యాసభాష్యమున, దేహేంద్రియధర్మములను ఆత్మయందు ఆరోపించి నేను బలిసినవాడను, నేను చెవిటివాడనని లోకుడు తలచుచున్నాడని చెప్పిరి. ఒక పంటి ధర్మమును మరియొక పంటియందు ఆరోపించు ఈ చిన్న అధ్యాసను వారు లెక్కించలేదు గాని, పెద్దదానిని నమ్ముటకు ఇది మంచి మెట్టు. మతవిషయములలో స్వానుభవమును మించిన ప్రమాణము లేదని ఇటీవల ధారాళముగా వినవచ్చుచున్నది. అనుభవము ఉన్నదనుటలో అనుభవించువానిదే తుదిమాట. అది దేనివలన వచ్చినది, ఎక్కడినుండి వచ్చినదియను విషయమున మరియొకరి అద్దపు కాడ కావలసియుండవచ్చును.

ఇక అసలు చిక్కు తితిక్ష. శీతోష్ణములవలె సుఖదుఃఖములు వచ్చిపోవునవి, వానిని సహింపుమని గీత రెండవ అధ్యాయము చెప్పును. శంకరుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణి ఇంకను ముందుకు పోయి, ప్రతీకారము చేయక, చింతింపక, విలపింపక సర్వదుఃఖములను సహించుటయే తితిక్షయని నిర్వచించును. ఈ నిర్వచనమును అక్షరశః గ్రహించినచో దంతవైద్యుని గడప త్రొక్కినవాడు సాధనచతుష్టయమున ఒక మెట్టు దిగినట్లే. మా మామయ్యగారిని మూడు రాత్రులు ఇంటిలో నిలిపినది ఈ లెక్కయే కావచ్చును.

కాని గీత చెప్పిన దుఃఖమునకు లక్షణము వచ్చిపోవుట. వాచిన పల్ప్ ఆ జాతిది కాదు. అది నయమయి శాంతింపదు. ఓర్చుకొని కూర్చున్నవానికి కొన్నాళ్లకు నొప్పి తనంతట తాను పోవుట కలదు. వాడు తన తపస్సు ఫలించినదనుకొనును. జరిగినదేమనగా, లోపలి కండ చచ్చినది, చచ్చిన నాడి మాటాడుట మానినది. సూక్ష్మజీవులు మాత్రము వేరు కొననుండి ఎముకలోనికి దిగి చీముగడ్డను కట్టుచున్నవి. ఆ గడ్డ దవడక్రిందికి, మెడకు ప్రాకి ఊపిరికి అడ్డుపడి మనుష్యుని చంపుటయు కద్దు. దుఃఖము లేకుండుట వేరు, దుఃఖహేతువు లేకుండుట వేరు. చికిత్సాశాస్త్రమునకును మోక్షశాస్త్రమునకును రోగము, హేతువు, ఆరోగ్యము, ఔషధము అను నాలుగంగములు సమానమని యోగభాష్యకారుడు పోల్చి చెప్పినది ఊరక కాదు. హేతువును విడిచి నొప్పిని మాత్రము సహించు తితిక్ష మోక్షశాస్త్రమునకే విరుద్ధమైనది. నిర్వచనములోని మూడు మాటలలో చింతయు విలాపమును విడుచుట సర్వకాలములందును సాధ్యము. ప్రతీకారమును విడుచుట అన్యప్రాణులమీది ప్రతిక్రియకును, సాధకుడు తనకై వరించిన చలికిని ఎండకును సరిపడునే గాని పుచ్చుపంటికి సరిపడదని నా అభిప్రాయము. పండితులు కొందరు దీనితో ఏకీభవింపకపోవచ్చును.

ఆచరణలో మహాత్ములు ఎట్లుండిరో చూచినచో నిర్వచనములకంటె స్పష్టత కలుగును. గొంతువ్యాధితో 1885లో కలకత్తా చేరిన రామకృష్ణ పరమహంస డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ చికిత్సను పొందుచు, ఆ వైద్యునితోనే గంటలకొలది భగవద్విషయము ముచ్చటించెను. భగవాన్ రమణమహర్షి ఎడమచేతిపై లేచిన వ్రణమునకు 1949లో పలుమార్లు శస్త్రచికిత్స జరిగినది. చేతిని తీసివేయుదుమనినప్పుడు ఒప్పుకొనలేదు గాని, తక్కిన చికిత్సను వారించలేదు. గాంధీ కథ వీరికంటె చిత్రమైనది. ఆసుపత్రులు పాపమును పెంచు స్థానములని 1909లో హింద్ స్వరాజ్‌లో వ్రాసినవాడు, 1924 జనవరిలో యెరవాడ ఖైదీగా పూనా సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మేడక్ అను ఆంగ్ల శస్త్రవైద్యునిచేత అపెండిసైటిస్‌కు కోత చేయించుకొనెను. నడుమ విద్యుద్దీపము ఆరిపోగా లాంతరు వెలుతురున పని పూర్తిచేసిరి. ఈ ముగ్గురిలో ఎవరికి సహనము తక్కువయని అనగలము? వారు చికిత్సను కోరుటలోగాని, కాదనుటలోగాని తొందర లేదు, చింతావిలాపరాహిత్యమనగా అదియే.

పైగా తితిక్షను ఎవడైనను తనకు తాను విధించుకొనవలసినదే గాని ఎదుటివానికి విధించునది కాదు. ఎదుటివాని పంటిపోటు నాకు తెలియదు. తెలియని బాధను గూర్చి ఓర్చుకొమ్మనుట జ్ఞానము కాదు, చెవిటితనము. ఆ మాటను మన ఇండ్లలో ఎక్కువగా విన్నవారు స్త్రీలు. వంటింటి పని ముగిసినదాక, పండుగ వెళ్లినదాక, పిల్లల పరీక్షలు అయినదాక ఓర్చుకొని, కడకు పన్నునే పోగొట్టుకొన్నవారు. మా అత్తయ్యకు దవడపండ్లు లేకపోవుటకు కారణము అడిగినచో ఆమె ప్రారబ్ధమనదు. డబ్బులేనివాని స్థితి మరియొకటి. రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుటకు కావలసిన సొమ్ము లేక, తక్కువలో తేలు పని గనుక నిలుపుకొనదగిన పంటినే పీకించుకొని పోవు కూలివాని ఓరిమిని మనము మెచ్చుకొనుట మనకు సుఖముగా ఉండును. ప్రతీకారమునకు శక్తి యుండి విడుచుట తితిక్ష. శక్తి లేక విడుచుట దారిద్ర్యము. బాధను తగ్గించు విద్యలో పెద్ద మలుపులు పండ్ల వైద్యులవలననే వచ్చుట ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది: 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరెస్ వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పంటినే పీకించుకొని చూచెను, 1846లో బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ ప్రయోగమును శస్త్రవైద్యులయెదుట చూపెను. ఇద్దరును దంతవైద్యులే. దినమెల్ల ఇతరుల కేకలు వినువారికి ఓరిమిని గూర్చి ఉపన్యసించు ఓపిక ఉండకపోవుట సహజము.

రూట్ కెనాల్ అయిన పన్నును చూచి వేదాంతాభిమానికి ఒక ఉపమానము నోటికి వచ్చును: లోపలి జీవతంతువు పోయినది, రబ్బరువంటి గట్టాపెర్చాతో నాళములు నింపబడినవి, పన్ను మాత్రము దవడలో నిలిచి నములుచునే యున్నది, వేడియు చలువయు దానికి తెలియవు, ఇదియే గదా జీవన్ముక్తుని స్థితి! ఈ పోలిక నాకు నచ్చదు. ఇది వేదాంతుల ముక్తికి కాదు, న్యాయవైశేషికుల అపవర్గమునకు సరిపోవును. సుఖమును దుఃఖమును జ్ఞానమును సమస్తము వదలిన ఆత్మయే ముక్తాత్మయని వారి మతము. శిలవలె పడియుండు ఆ ముక్తిని బోధించినవానిని నైషధకర్త శ్రీహర్షుడు తన కావ్యమున ఒక నాస్తికుని నోట ఎద్దనిపించి వెక్కిరించెను. నాడి తీసిన పన్ను ప్రశాంతమైనది కాదు, చచ్చినది. తొలిచి గుల్లచేసినది గనుక క్యాప్ లేనిచో అది విరిగిపోవుటయు కద్దు. యోగభాష్యము ఇందుకు సరిగా ఎదురుగానున్న మాటను చెప్పుచున్నది: ఉన్నిపోగు కంటిలో పడినప్పుడు బాధించును గాని దేహమున మరెక్కడ పడినను తెలియనే తెలియదు, వివేకి అట్టి కంటివంటివాడు, ఇతరులు గుర్తింపని దుఃఖము వానిని గ్రుచ్చును. అనగా జ్ఞానమువలన మనుష్యుడు మొద్దుబారడు, ఇంకను సున్నితమగును. అట్లయినచో అందరికంటె ముందు వైద్యునికొరకు బయలుదేరవలసినవాడు వాడే.

ఈశ్వరకృష్ణుని సమాధానము మాత్రము చెక్కుచెదరలేదు. ఈ చికిత్స తప్పక ఫలించునది కాదు. పైదవడ మొదటి పెద్దపంటిలో తరచుగా నాలుగవ నాళమొకటి దాగియుండుననియు, అది దొరకక మిగిలినచో రోగము తిరుగబెట్టవచ్చుననియు ఆ వైద్యురాలే చెప్పినది. తుదిది కూడ కాదు. నోటిలో తక్కిన పండ్లు ఉండనే యున్నవి. నాకు సందేహము కలుగుచున్నది ఆయన మొదటి పాదముమీద. దుఃఖపు దెబ్బవలన జిజ్ఞాస పుట్టునని ఆయన యనెను. దెబ్బ తగులుచున్న క్షణమున పంటిపోటువాని మనస్సున వైద్యుని చిరునామా తప్ప ఏ విచారమును పుట్టదు. పతంజలి ఈ సంగతిని మరింత సూక్ష్మముగా గమనించినట్లున్నది: విడువదగినది రాబోవు దుఃఖమని ఆయన సూత్రము, గడచినది అనుభవముచేతనే తీరిపోయినది, జరుగుచున్నది అనుభవమునందే యున్నది గనుక రెండును సాధనకు విషయము కావని భాష్యకారుడు విప్పి చెప్పెను. జరుగుచున్నదానిని వైద్యునికి వదలినచో, రాబోవుదానిని గూర్చిన ఆలోచన నొప్పి తగ్గిన మరునాటినుండి ఆరంభము కావలెను. అక్కడనే చిక్కు. నొప్పి తగ్గగానే క్యాప్ సంగతి మరచి మరల రానివారే తనవద్ద హెచ్చని ఆ వైద్యురాలు మందుల చీటీ వ్రాయుచు చెప్పినది. మా మామయ్యగారు నిర్ణయించిన దినమునకు తప్పక వెళ్లిరి. ఆయనకు దానిని జ్ఞాపకము చేసినది యోగసూత్రము కాదు, మా అత్తయ్య.